రేడియో పేరడీ నాటిక రాయడం ఎలా?

టిమోతీ వెస్ట్ అనే బ్రిటిష్ నటుడు రేడియో నాటకాలను వెక్కిరిస్తూ ఒక చిన్న నాటిక రాశాడు. దాని పేరు తెలుగులో చెప్పాలంటే ‘నా కుడిచేతిలో ఉన్న ఈ తుపాకీలో తూటాలు ఉన్నాయి’. జోకు పేరులోనే ఉంది. రేడియోలో తుపాకీ కనపడదు. చేతకాని రచయిత ఏం చేస్తాడు? ఏ చేతిలో ఉంది, తూటాలు ఉన్నాయా లేవా అన్నది కూడా పాత్ర నోటితోనే చెప్పిస్తాడు. బయట ఎవరూ అలా మాట్లాడరు, రేడియో నాటకాల్లో తప్ప.

పేరడీ అంటే ఇలాంటి అలవాటును పట్టుకోవడమే. మనకు ఈ మాట వినగానే జరుక్ శాస్త్రి గుర్తొస్తారు. ఆయన కవుల శైలిని పట్టుకుంటే, బ్రిటన్‌లో బీబీసీ రేడియో వాళ్లు నాటకాలు, సినిమాలు, గూఢచారి కథలు, చివరికి తమ సొంత వార్తల గొంతును కూడా పట్టుకున్నారు. 1950ల నుంచి ఈ పనిలో వాళ్లు ఆరితేరారు. ఐదు నిమిషాల పేరడీ నాటిక రాసి ఫోన్‌లో రికార్డు చేయాలనుకునేవాళ్లకు వాళ్ల పద్ధతులు ఇప్పటికీ పనికొస్తాయి.

మొదట: అందరికీ తెలిసినదాన్నే ఎంచుకోండి

1954 డిసెంబర్ 12న బీబీసీ టీవీలో జార్జ్ ఆర్వెల్ నవల ‘1984’ నాటకంగా వచ్చింది. అది మరీ భయంకరంగా ఉందని పెద్ద గొడవైంది, పార్లమెంటు సభ్యులు కూడా మాట్లాడారు. మూడు వారాలు దాటగానే, 1955 జనవరి మొదట్లో, బీబీసీ రేడియో కామెడీ ‘ది గూన్ షో’ వాళ్లు ‘1985’ అనే ఎపిసోడ్ వేశారు. మూలంలో జనాన్ని నిఘాలో పెట్టే బిగ్ బ్రదర్, వీళ్ల చేతిలో ‘బిగ్ బ్రదర్ కార్పొరేషన్’ అయ్యాడు. పొడి అక్షరాల్లో చూస్తే బీబీసీ! మూలంలో ఖైదీని హింసించే 101వ నంబరు గదిలో వీళ్లు పెట్టిన శిక్ష, బీబీసీ రేడియో ప్రోగ్రాములు వినిపించడం. అదే బీబీసీ జీతమిచ్చి ఇది చేయించింది చూడండి.

ఇక్కడ మనం నేర్చుకోవాల్సింది టైమింగ్. వినేవాళ్లకు అసలుది గుర్తులేకపోతే నకలు చూసి నవ్వరు. మీకు ఎంతో ఇష్టమైన, ఎవరూ చదవని నవలను ఎంచుకోకండి. పోయిన నెల అందరూ చూసిన సీరియల్, క్రైమ్ ప్రోగ్రాం, న్యూస్ డిబేట్, వంటల వీడియో, వీటిలో ఏదైనా మంచిదే.

ఇంకో మాట. ఎవరిని వెక్కిరిస్తున్నామో చూసుకోవాలి. గూన్ షో రచయిత స్పైక్ మిల్లిగన్ పుట్టింది మన దేశంలోనే, 1918లో అహ్మద్‌నగర్‌లో. తండ్రి బ్రిటిష్ సైన్యంలో పనిచేశాడు. ఆ అనుభవంలోంచి వచ్చిన పాత్రే మేజర్ బ్లడ్‌నాక్, ఇండియాలో పనిచేసి రిటైరైన పిరికి సైనికాధికారి. ఆ పాత్ర ఇప్పటికీ నవ్విస్తుంది. అదే షోలో భారతీయుల యాసను ఎగతాళి చేసిన చోట్లు మాత్రం ఇప్పుడు వింటే ఇబ్బందిగా ఉంటాయి. కుర్చీలో కూర్చున్నవాణ్ణి ఏడిపించినప్పుడు వచ్చినంత నవ్వు, గుమ్మం బయట నిలబడ్డవాణ్ణి ఏడిపిస్తే రాదు.

తర్వాత: కథ కాదు, అలవాట్లు రాసుకోండి

ఎంచుకున్నదాన్ని రెండుసార్లు వినండి. కళ్లు మూసుకుని వింటే ఇంకా మంచిది. అందులో పదే పదే వచ్చేవి కాగితం మీద పెట్టండి. ఏ మాట ముందు ఆగుతున్నారు? మ్యూజిక్ ఎప్పుడు వస్తోంది? ‘అంటే... నువ్వు అనేది...’ అని ఎన్నిసార్లు అంటున్నారు?

1965 నుంచి 1968 దాకా వచ్చిన బీబీసీ రేడియో కామెడీ ‘రౌండ్ ది హార్న్’లో ఛార్లెస్, ఫియోనా అనే జంట ఉండేది. బ్రిటిష్ నాటక రచయిత నోయెల్ కవర్డ్ నాటకాల్లో ప్రేమికులు మనసులో మాట చెప్పుకోలేక, పొడిపొడి మాటలతో మర్యాదగా నలిగిపోతుంటారు కదా, దాని మీద పేరడీ ఇది. షో రచయితలు బ్యారీ టుక్, మార్టీ ఫెల్డ్‌మన్ కథ జోలికి పోకుండా ఆ మాట్లాడే తీరునే పట్టుకున్నారు. ‘నాకు తెలుసు’, ‘నీకు తెలుసని నాకు తెలుసు’, ‘నీకు తెలుసని నాకు తెలుసని నీకు తెలుసు’ అంటూ సాగుతుంది ఆ సంభాషణ. ఎక్కడికీ పోదు, పోకపోవడమే నవ్వు. పైగా ఈ పాత్రల్ని వేసేది బింకీ హకబాక్, డేమ్ సెలియా మోల్‌స్ట్రాంగ్లర్ అనే ఇద్దరు అతి నటులన్నమాట. వాళ్లు కూడా కల్పితమే. హ్యూ ప్యాడిక్, బెట్టీ మార్స్‌డెన్ ఆ అతి నటులుగా నటిస్తూ, వాళ్ల ద్వారా ప్రేమికులుగా నటించేవారు. ఐదు నిమిషాల నాటికకు ఇన్ని పొరలు అక్కర్లేదు గానీ, ఒక్కసారి ప్రయత్నించి చూడండి, భలే ఉంటుంది.

ఒక్క గొంతు మాత్రం నవ్వకూడదు

అన్నింటికంటే ముఖ్యమైనది ఇదే. కొత్తగా రాసేవాళ్లు ఎక్కువగా తప్పు చేసేదీ ఇక్కడే. అందరి చేతా జోకులు వేయిస్తారు. అందరూ పిచ్చివాళ్లయితే ఇక పిచ్చి ఎవరికి కనపడుతుంది?

గూన్ షోలో అనౌన్సర్ వాలెస్ గ్రీన్‌స్లేడ్ నిజంగా బీబీసీలో వార్తలు చదివే మనిషే. అదే గొంతుతో, అదే నిదానంతో అర్థంపర్థం లేని వాక్యాలు చదివేవాడు. రౌండ్ ది హార్న్‌లో అనౌన్సర్ డగ్లస్ స్మిత్‌దీ అదే తరహా. మధ్యలో కెన్నెత్ హార్న్ ఉండేవాడు, ఒకప్పుడు బొమ్మల కంపెనీ నడిపిన వ్యాపారవేత్త. చుట్టూ ఎంత గోల జరుగుతున్నా ఆయన గొంతు బోర్డు మీటింగులో ఉన్నట్టే ఉంటుంది. బీబీసీలో వచ్చిన ఇంకో కామెడీకి ‘ఐయామ్ సారీ, ఐల్ రీడ్ దట్ ఎగైన్’ అని పేరు పెట్టారు. వార్తలు చదివేవాళ్లు తడబడితే చెప్పే క్షమాపణ అది. మాంటీ పైథాన్ అనే హాస్య బృందానికి ముందు నటుడు జాన్ క్లీజ్ అందులో ఉన్నాడు. చాలాసార్లు చివర్లో ఒక పేరడీ నాటిక ఉండేది.

మీ నాటికలో ఈ గొంతుకు, ఎప్పుడూ సీరియస్‌గా ఉండే మనిషిని వెతకండి. మా ఇంట్లో ఆ పని మా మామయ్యది. రిటైరైన లెక్కల మాస్టారు. ఏం చదివినా పరీక్ష ఫలితాలు చదివినట్టే ఉంటుంది.

చప్పుళ్లను డైలాగులనే అనుకోండి

రేడియోలో చప్పుడు కూడా ఒక పాత్రే. మిల్లిగన్ గురించి ఒక కథ చెప్పుకుంటారు. మేజోడు నిండా కస్టర్డ్ పోసి గోడకు కొడితే వచ్చే చప్పుడు కావాలని, బీబీసీ క్యాంటీన్‌లో కస్టర్డ్ అడిగాడట. వాళ్లు శ్రద్ధగా కలిపి ఇస్తే, వాళ్ల కళ్లముందే దాన్ని తీసి మేజోట్లో పోశాడట. 1958లో మొదలైన బీబీసీ రేడియోఫోనిక్ వర్క్‌షాప్, మేజర్ బ్లడ్‌నాక్ కడుపులో గడబిడకు ప్రత్యేకంగా చప్పుడు తయారుచేసింది. ‘డాక్టర్ హూ’ అనే టీవీ సీరియల్ టైటిల్ సంగీతం తయారైంది కూడా ఇదే వర్క్‌షాప్‌లో.

మనకంత అక్కర్లేదు. గుర్రానికి కొబ్బరి చిప్పలు చాలు, బ్రిటన్‌లో వాళ్లు వాడిందీ అవే. వానకు మూకుడులో వేగుతున్న పకోడీలు. ఫోన్‌ని మరీ దగ్గర పెట్టకండి, నూనె చిందుతుంది. ఎండుటాకుల మీద నడకకు కార్న్‌ఫ్లేక్స్ ప్యాకెట్ నలపండి. రికార్డు చేసేముందు ఫ్యాన్ ఆపడం మర్చిపోవద్దు. నేను ఒకసారి మర్చిపోయాను. విక్టోరియా కాలం నాటకం అంతా హెలికాప్టర్‌లో జరిగినట్టు వచ్చింది.

ఇక రాయండి

బంగళాలో హత్య, వానరాత్రి, ఇన్‌స్పెక్టర్. ఇది అందరికీ తెలిసిన ఇంగ్లిష్ సరుకు. దీన్ని ఇలా మొదలుపెట్టొచ్చు:

(ఉరుము. వాన. గుర్రబ్బండి వచ్చి ఆగుతుంది. బండిలోంచి గుర్రం దిగి, మెట్లెక్కి, తలుపు కొడుతుంది.)

అనౌన్సర్: 1893, నవంబర్. యార్క్‌షైర్‌లో ఒక పాత బంగళా. బయట వాన. లోపల కూడా వాన. పైకప్పు సంగతి లార్డ్ గారు వాయిదా వేస్తూ వచ్చారు.

(కిర్ర్‌ర్‌ర్‌మనే చప్పుడు. చాలాసేపు.)

ఇన్‌స్పెక్టర్: ఈ తలుపుకు నూనె వేయించాలి.

బట్లర్: అది తలుపు కాదు సార్. మా అమ్మగారి నవ్వు.

ఇన్‌స్పెక్టర్: క్షమించాలి. శవం ఎక్కడ?

బట్లర్: లైబ్రరీలో సార్. ఆఖరి బిస్కెట్.

ఇన్‌స్పెక్టర్: (నిశ్శబ్దం) ...క్రీమ్‌దా?

బట్లర్: (గొంతు పూడుకుపోయి) రెండు వైపులా సార్.

ఇన్‌స్పెక్టర్: ఇంట్లోంచి ఎవరూ కదలొద్దు!

(పదిమంది పరుగెత్తిన చప్పుడు. వరసగా ఏడు తలుపులు మూసుకుంటాయి. గుర్రం కూడా పారిపోతుంది.)

గమనించండి, కథలో మార్చింది ఒక్కటే, శవానికి బదులు బిస్కెట్. మిగతా కథంతా మామూలు హత్య కథే. ఇన్‌స్పెక్టర్ వేసే నటుడు ‘క్రీమ్‌దా’ అన్న ప్రశ్నను నిజంగా గుండె బరువెక్కి అడగాలి. గుర్రం మెట్లెక్కడం, అమ్మగారి నవ్వు తలుపులా ఉండటం లాంటివి తెరమీద చూపిస్తే తేలిపోతాయి. చెవికి మాత్రమే దొరికే ఇలాంటి జోకు పేజీకి కనీసం ఒకటి ఉండాలి.

శ్లేష కూడా చెవి సరుకే. ‘టేక్ ఇట్ ఫ్రమ్ హియర్’ అనే బీబీసీ రేడియో కామెడీకి ఫ్రాంక్ మ్యూర్, డెనిస్ నార్డెన్ రాసిన ఒక డైలాగులో సీజర్ ‘ఇన్ఫమీ! ఇన్ఫమీ!’ అంటాడు, అపకీర్తి అని. వెంటనే దాన్నే విడగొట్టి ‘దే హావ్ ఆల్ గాట్ ఇట్ ఇన్ ఫర్ మీ’ అంటాడు, అందరూ నా మీద పగబట్టారని. 1964లో ‘క్యారీ ఆన్ క్లియో’ సినిమావాళ్లు దాన్ని అడిగి తీసుకున్నారు. ఈ ఆటలో తెలుగు వాళ్లకు ఒకరు నేర్పాల్సిన పనిలేదు.

నిడివి సంగతికొస్తే, ఐదు నిమిషాలకు మూడు, నాలుగు పేజీలు చాలు. ముగ్గురు నటులుంటే ఏడు పాత్రలు వేయించొచ్చు, గొంతులు వేరుగా ఉంటే సరి. పేర్లు కలిసిపోకుండా చూడండి. రాము, రాజు, రాణి ఒకే సీన్లో ఉంటే వినేవాడు గల్లంతే.

ముగింపు దొరక్కపోతే

చాలామందికి ఇక్కడే టెన్షన్. పేరడీకి కథ ముడి విప్పాల్సిన అవసరం లేదు. మధ్యలో ఆపేసి అనౌన్సర్ మీదికి తోసేయండి. మొదట్లో వేసిన జోకు ఏదైనా మిగిలి ఉంటే అది ఆయన చేతిలో పెట్టండి:

అనౌన్సర్: హంతకుడి పేరు చెప్పేలోపే మా సమయం అయిపోయింది. ఇప్పుడు ఓడల వాళ్లకు వాతావరణ సూచన. రాత్రంతా వాన. లోపల కూడా.