బ్రిటన్‌లో ఫిజీషియన్ అసోసియేట్‌గా నమోదు కావడం, ఉద్యోగం ఎంచుకోవడం ఎలా?

బ్రిటన్‌లో ఫిజీషియన్ అసోసియేట్ ఉద్యోగం గురించి ఆలోచిస్తున్నవారు, దరఖాస్తు పెట్టకముందే, ఇది డాక్టరు చదువుకు అడ్డదారి కాదని గ్రహించాలి. రోగి చెప్పే వివరాలు రాసుకోవడం, శరీర పరీక్ష చేయడం, రక్తపరీక్షల ఫలితాలు చూడడం, చికిత్స ఎలా సాగాలో ఆలోచించడంలో పాలుపంచుకోవడం వంటి పనులన్నీ డాక్టరు పర్యవేక్షణలోనే జరుగుతాయి. ఎన్నేళ్ల అనుభవం గడించినా ఈ అర్హతతో డాక్టరు కాలేరు. అందుకు మెడికల్ డిగ్రీ మొదటి నుంచి చదవవలసిందే.

చాలామంది జీవశాస్త్రానికి సంబంధించిన డిగ్రీ తర్వాత రెండేళ్ల పోస్ట్‌గ్రాడ్యుయేట్ కోర్సు ద్వారా ఈ వృత్తిలోకి వస్తారు. కొన్ని విశ్వవిద్యాలయాల్లో ఇంటర్ స్థాయి చదువు తర్వాత నేరుగా చేరగల నాలుగేళ్ల కోర్సు కూడా ఉంది. ఏ కోర్సులో చేరబోతున్నా, దానికి డాక్టర్లను నమోదు చేసి నియంత్రించే సంస్థ అయిన జనరల్ మెడికల్ కౌన్సిల్ ఆమోదం ఉందో లేదో ఆ కౌన్సిల్ వెబ్‌సైట్‌లోనే స్వయంగా చూసుకోవాలి. కళాశాల కరపత్రంలో ఉన్న మాటను నమ్మి ఫీజు కట్టవద్దు. కోర్సు పూర్తయ్యాక జాతీయస్థాయి నమోదు పరీక్ష ఉంటుంది. అందులో ఒక భాగం రాతపరీక్ష. రెండో భాగంలో ఒక్కొక్క స్టేషన్‌కు, అంటే పరీక్ష కోసం ఏర్పాటు చేసిన ఒక్కొక్క చోటికి వెళ్లి, రోగితో ఎలా మాట్లాడతారో, ఎలా పరీక్షిస్తారో చేసి చూపించాలి. పుస్తకజ్ఞానం ఎంత ఉన్నా రెండో భాగంలో తడబడేవారుంటారు కాబట్టి, కోర్సులో ఉన్నప్పటి నుంచే తోటి విద్యార్థులతో గడియారం పెట్టుకుని సాధన చేయడం మంచిది.

ఈ వృత్తి చాలాకాలం స్వచ్ఛంద నమోదు మీదనే నడిచింది. 2024 డిసెంబరు 13 నుంచి జనరల్ మెడికల్ కౌన్సిల్ చట్టబద్ధంగా నమోదు చేయడం ప్రారంభించింది. అప్పటికే పనిలో ఉన్నవారికి రెండేళ్ల గడువు ఇచ్చారు. 2026 డిసెంబరుతో అది ముగిశాక నమోదు లేకుండా ఈ హోదాతో పనిచేయడం నేరమవుతుంది. దరఖాస్తుకు అర్హత రుజువులు, గుర్తింపు పత్రాలు, వృత్తికి అనర్హులను చేసే విషయాలేమైనా ఉంటే వాటి వెల్లడి అవసరం. చిన్నదే కదా అని పాత ఫిర్యాదునో, క్రమశిక్షణ చర్యనో దాచవద్దు. ఆ సంగతికన్నా దాన్ని దాచిన సంగతే ఎక్కువ హాని చేస్తుంది. నమోదైన ప్రతి ఒక్కరికీ ‘ఎ’ అక్షరంతో మొదలయ్యే సంఖ్య వస్తుంది. డాక్టర్ల సంఖ్యలతో కలగాపులగం కాకూడదనే ఈ ఏర్పాటు చేశారు. రోగులెవరైనా ఆన్‌లైన్‌లో నమోదైనవారి పేరు వెతికి చూసుకోవచ్చు. తీవ్రమైన ఆరోపణలు రుజువైతే కౌన్సిల్ షరతులు విధించగలదు, సస్పెండ్ చేయగలదు, పేరు తొలగించగలదు.

ఇక హద్దుల విషయం. నిత్యం ఎదురయ్యేది ఇదే గనుక దీన్ని కాస్త వివరంగా చెప్పాలి. న్యుమోనియా అనుమానంతో వార్డులో చేరిన ఒక వృద్ధురాలిని మధ్యాహ్నం మీరు పరీక్షించారనుకుందాం. ఏ యాంటీబయాటిక్ సరిపోతుందో మీకు తెలిసే ఉండవచ్చు, కానీ మందుల చార్టులో దాన్ని మీరు రాయకూడదు, ఛాతీ ఎక్స్‌రేకు గానీ సీటీ స్కాన్‌కు గానీ మీరు ఆర్డరు పెట్టకూడదు. డాక్టరు దగ్గరకు వెళ్లి, పెనిసిలిన్ అలర్జీ ఉందా, మూత్రపిండాల పరీక్ష ఎంత వచ్చింది, ఆక్సిజన్ ఎంత ఉంది అన్న వివరాలతో సహా చెప్పాలి. సంతకం పెట్టేవారు తమ బుద్ధితో తాము నిర్ణయించుకోవడానికి ఆ వివరాలే ఆధారం. తర్వాత కేసు షీటులో మీ పేరు, హోదా, ఏ డాక్టరుతో ఏ సమయానికి మాట్లాడారో రాయాలి. మంచం దగ్గర పరిచయం చేసుకునేటప్పుడు కూడా ‘నేను డాక్టరును కాను’ అని నోటితో చెప్పాలి, ఎందుకంటే స్టెతస్కోపు చూసిన రోగి, అడగకుండానే మిమ్మల్ని డాక్టరనుకుంటారు.

హోదా పేరు విషయంలో ఒక చిక్కుంది. ఈ వృత్తిపై ప్రభుత్వం కోరగా ప్రొఫెసర్ గిలియన్ లెంగ్ ఆధ్వర్యంలో జరిగిన సమీక్ష 2025 జులైలో వెలువడి, ఈ వృత్తిని ఫిజీషియన్ అసిస్టెంట్ అని పిలవాలని సూచించింది. చట్టంలో ఉన్నదేమో పాత పేరు. అందువల్ల ఉద్యోగ ప్రకటనలు వెతికేటప్పుడు రెండు పేర్లతోనూ వెతకండి. రోగనిర్ధారణ ఇంకా జరగని రోగులను, స్పష్టమైన జాతీయ నియమావళి పరిధిలో తప్ప, వీరు చూడకూడదనీ, కొత్తగా అర్హత పొందినవారు జనరల్ ప్రాక్టీసుకు (కుటుంబ వైద్యుల క్లినిక్‌లకు) వెళ్లేముందు రెండేళ్లు ఆసుపత్రిలో పనిచేయాలనీ కూడా అది సిఫారసు చేసింది. అంతకుముందే, 2024 సెప్టెంబరులో, కుటుంబ వైద్యుల వృత్తి సంస్థ అయిన జనరల్ ప్రాక్టీషనర్ల రాయల్ కాలేజీ తమ రంగంలో ఈ పాత్రను వ్యతిరేకిస్తూ తీర్మానించింది. కాబట్టి తొలి ఉద్యోగానికి ఆసుపత్రిని, అందులోనూ అనుభవజ్ఞులైన ఫిజీషియన్ అసోసియేట్లు ఇప్పటికే ఉన్న విభాగాన్ని ఎంచుకోవడం మేలని నా అభిప్రాయం. అక్యూట్ మెడిసిన్ (అత్యవసరంగా ఆసుపత్రిలో చేరినవారికి తొలి వైద్యం), వృద్ధుల వైద్యం, శస్త్రచికిత్స విభాగాల్లో పని విస్తృతంగా నేర్చుకోవచ్చు.

బ్రిటన్ ప్రభుత్వ ఆరోగ్య సేవ అయిన ఎన్‌హెచ్‌ఎస్‌లో జీతాలు బ్యాండ్‌లనే మెట్లుగా ఉంటాయి; ఈ ఉద్యోగాలు సాధారణంగా బ్యాండ్ 7 జీతంతో వస్తున్నాయి. అనుభవజ్ఞులకు ఒక బ్యాండ్ పైన ‘అడ్వాన్స్‌డ్’ స్థాయి ఉండాలని లెంగ్ సమీక్ష కోరింది. ప్రకటనలో అటువంటి ఎదుగుదలకు చోటుందో లేదో చూడండి. అయితే జీతం కన్నా ముందు ఇంటర్వ్యూలో అడగవలసినవి వేరే ఉన్నాయి. నా పర్యవేక్షకులుగా పేరుపెట్టి నియమించిన డాక్టరు ఎవరు? వారు సెలవులో ఉన్న రోజు, రాత్రి షిఫ్టులో, వారాంతంలో ఎవరిని పిలవాలి? మందుల చార్టు మీద సంతకం కావలసినప్పుడు ఎవరిని అడగాలని జూనియర్ డాక్టర్లకూ చెప్పి ఉంచారా? వారానికి ఎన్ని గంటలు చదువుకు కేటాయిస్తారు? ఈ జవాబులు పని ప్రణాళికలో రాతపూర్వకంగా ఉండాలని కోరండి. ‘వచ్చాక చూసుకుందాం’ అన్న సమాధానం వస్తే, కాగితం చేతికి వచ్చేవరకు ఒప్పందం మీద సంతకం పెట్టకండి.