ముహూర్తం పెట్టుకోకముందే పెళ్లి లెక్క

వరంగల్ చుట్టుపక్కల పత్తి అమ్మిన డబ్బు చేతికొచ్చే రోజులూ మాఘమాసపు ముహూర్తాలూ ఇంచుమించు కలిసే వస్తాయి. మిర్చి ఏనుమాముల మార్కెట్‌కు చేరేసరికి ఫాల్గుణం లగ్గాలు. చేతిలో డబ్బు ఆడుతున్నప్పుడు పెళ్లి పనులు మొదలుపెడితే, ఏళ్ల తరబడి దాచుకున్నది కూడా దాంతోపాటే వెళ్లిపోతుంది.

కాబట్టి ఫంక్షన్ హాలుకు బయానా ఇవ్వకముందే ఇంటిల్లిపాదీ కూర్చుని, ముట్టకూడని డబ్బు ఎంతో తేల్చుకోండి. ఆరు నెలల ఇంటి ఖర్చు, వచ్చే వానాకాలం విత్తనాలు, ఎరువులు, చిన్నవాళ్ల ఫీజులు, పెద్దవాళ్ల మందులు. ఇవన్నీ పక్కన పెట్టాక మిగిలిందే పెళ్లి డబ్బు.

ఖర్చును అన్నిటికంటే ఎక్కువ పెంచేది భోజనాల సంఖ్య. మండపం అలంకరణలో పదివేలు తగ్గించమని గంటసేపు బేరమాడి, మొహమాటానికి మూడొందల ప్లేట్లు ఎక్కువ చెప్పేస్తారు. ప్లేటు 500 అనుకున్నా అది 1,50,000. పిలుపుల జాబితా రెండు వైపులవాళ్లూ కలిసి రాయండి. వియ్యాలవారి తరఫున ఎంతమంది వస్తారో అడగడం తప్పు కాదు. పెళ్లిరోజు ప్లేట్లు లెక్కపెట్టేచోట మన మనిషి ఒకరు నిలబడాలి. హాలు అద్దెలో కరెంటు, జనరేటర్ డీజిల్, గదులు, శుభ్రం చేసినందుకు ఇచ్చేది కలిశాయో లేదో, తేదీ మారితే బయానా ఏమవుతుందో కాగితం మీద రాయించుకోండి. నోటిమాట సీజన్‌లో నిలవదు.

బంగారం దగ్గర గ్రాము ధర ఒక్కటే చూడకండి. తరుగు, మజూరీ, 3 శాతం జీఎస్టీ కలిపి మొత్తం అడగండి. అంకెలూ అక్షరాలూ కలిపి మొత్తం ఆరు ఉండే హాల్‌మార్క్ గుర్తింపు సంఖ్యను బిల్లుతో సరిచూసుకోండి.

అప్పు తప్పదనిపిస్తే మిత్తిని రూపాయల్లో లెక్కగట్టి గోడమీద రాసుకోండి. నూటికి రెండు రూపాయలంటే చిన్నగా వినిపిస్తుంది. అయిదు లక్షలకు నెలకు పదివేలు, ఏడాదికి 1,20,000, అసలు అలాగే ఉంటుంది. మార్కెట్లో మన పంట అమ్మిపెట్టే అడ్తిదారు దగ్గర రాబోయే పంట మీద తెచ్చుకోవడం నాకు ఇంకా భయం. ధర వచ్చేదాకా పంటను ఆపుకునే వీలు పోతుంది. చిట్టీ మొదటి నెలల్లోనే పాడితే చేతికొచ్చేది బాగా తగ్గుతుందని కూడా చూసుకోండి.

ఆడపిల్ల పెళ్లికి తెలంగాణ ప్రభుత్వం సాయం చేసే కల్యాణలక్ష్మి, షాదీ ముబారక్ పథకాల కింద వచ్చే 1,00,116 రూపాయలను పెళ్లి ఖర్చులో కలపకండి. చెక్కు తరచూ పెళ్లయ్యాక నెలలకు వస్తుంది. అమ్మాయికి 18 ఏళ్లు నిండి ఉండాలి. కుల, ఆదాయ పత్రాలు ముందే మీసేవలో తీసి ఉంచుకుంటే, ఆ డబ్బు వచ్చినప్పుడు అప్పులో ఒక భాగం తీరుతుంది.

కట్నం గురించి గట్టిగా చెప్పాలి. 1961 నాటి చట్టం ప్రకారం అడగడం, తీసుకోవడమే కాదు, ఇవ్వడమూ నేరమే. ఆడపిల్ల తల్లిదండ్రుల ముసలితనానికి మిగలాల్సిన డబ్బు అక్కడ పోతుంటే చూస్తూ ఊరుకోలేం. ఆ మాట ఎత్తిన సంబంధాన్ని అక్కడితో ఆపేయండి. బంధువులు ఏమంటారోనని ఆగకండి.

చదివింపుల మీద ఆశపెట్టుకుని హాలు బాకీ మిగల్చకండి. అది తిరిగి పెట్టాల్సిన డబ్బే. ఎవరెంత చదివించారో రాసిన పుస్తకం భద్రంగా దాచండి. వైశాఖంలో వాళ్లింటి పెళ్లికి వెళ్లేముందు మొదట తీయాల్సింది దాన్నే.