జపాన్‌లో ఇంటర్న్‌షిప్, 4వ పాఠం: ఆఫీసు వాళ్ళతో ఇజకాయకి

పోయిన పాఠంలో పరిచయం చేసుకోవడం అయింది కదా, ఇప్పుడు సాయంత్రం ఇజకాయ సంగతి, అంటే మందూ తిండీ రెండూ దొరికే జపనీస్ బార్. పనయ్యాక టీమంతా కలిసి తాగి తినడాన్ని నోమికాయ్ అంటారు, ఏర్పాట్లు చూసే మనిషి కంజి, ఏది తింటారో ఏది తినరో ముందే ఆయన చెవిన వేసేయండి, అక్కడికెళ్ళాక మొహమాటపడితే పస్తే.

లోపల మూల సీటు ఖాళీగా ఉంది కదా అని వెళ్ళి కూర్చోకండి, గుమ్మానికి దూరంగా ఉండేది పెద్దవాళ్ళ సీటు, ఇంటర్న్‌ది గుమ్మం పక్కనే.

మొదటి రౌండ్ ఎక్కువమంది బీరే చెప్తారు. తాగనివాళ్ళు "ఊరోన్‌చా ఒనెగాయ్‌షిమస్" అంటే ఊలాంగ్ టీ వస్తుంది, ఎందుకు తాగరో కథ చెప్పక్కర్లేదు. 2022లో మేజర్ వయసు 18కి దించారు గానీ మందుకి మాత్రం ఇంకా 20 నిండాల్సిందే. గ్లాసు రాగానే గుటకేయకుండా అందరూ కంపాయ్, అంటే చీర్స్, అనేదాకా ఆగండి, తగిలించేటప్పుడు మీ గ్లాసు పెద్దవాళ్ళ గ్లాసు కంటే కాస్త కిందకి ఉండాలి.

సీసా బీరైతే ఎవరిది వాళ్ళు పోసుకోరు. పక్కనాయన గ్లాసు అడుగంటుతుంటే మీరే సీసా తీసి, రెండు చేతులతో, లేబుల్ పైకి కనపడేలా పట్టుకుని పోయాలి, మీకు పోస్తుంటే గ్లాసు రెండు చేతులతో ఎత్తి పట్టాలి. ఇక చాలనుకుంటే నిండు గ్లాసు అలాగే వదిలేయండి, ఖాళీ విస్తరి చూస్తే మనవాళ్ళు వడ్డించకుండా ఊరుకుంటారా, అదే లెక్క.

వెజ్ వాళ్ళకి అసలు తిప్పలు తిండి దగ్గరే. ఎడమామే, అంటే ఉప్పేసి ఉడికించిన పచ్చి సోయా కాయలు, ధైర్యంగా తినొచ్చు. చల్లటి టోఫు చూడ్డానికి అమాయకంగానే ఉంటుంది గానీ పైన రంపపు పొట్టులా చల్లేది చాలాసార్లు ఎండు చేపే, సూపుల్లో కూడా అదే చేప మరిగించిన నీళ్ళు. "నికు మొ సకనా మొ తబెరారెమసెన్" అనండి, మాంసమూ చేపా రెండూ తినలేనని. ఒట్టి మాంసం వద్దంటే చేప పెట్టేస్తారు. ఇంకోటి, చాప్‌స్టిక్స్ నుంచి చాప్‌స్టిక్స్‌కి ముక్క అందించకండి, దహనమయ్యాక అస్థికలు అలా అందుకుంటారు.

అడక్కుండా వచ్చే చిన్న గిన్నె ఒతోషి, దానికీ బిల్లు పడుతుంది, గొడవపడకండి. టిప్ లేదు. తలా ఇంత అని కంజి వసూలు చేస్తాడు, నోట్లు పట్టుకెళ్ళండి.

అభ్యాసం: నీళ్ళ సీసాతో రెండు చేతులా పోయడం, పైన రాసిన రెండు వాక్యాలు చూడకుండా చెప్పడం. మర్నాడు ఆఫీసులో అడుగుపెట్టగానే "కినో వా అరిగతో గొజాయ్‌మషిత", అంటే నిన్నటికి థాంక్స్, ఇది మాత్రం మర్చిపోవద్దు. వచ్చే పాఠంలో నిజికాయ్, అంటే రెండో మకాం, లాస్ట్ ట్రైన్ మిస్సవకుండా అందులోంచి బయటపడే పద్ధతి.