థ్రిల్లర్ ఓపెనింగ్, 4వ పాఠం: అడిగే తీరు

మీరు తీసే థ్రిల్లర్ ఓపెనింగ్‌ను, అంటే సినిమా మొదటి సీన్లను, ఎలాంటివాళ్లు చూస్తారో తెలుసుకోవడానికి పోయినసారి ఇరవై మందిని అడిగి రమ్మన్నాను. మీరు పంపిన జవాబులు చదివాక ఈ వారం ఎడిటింగ్ పాఠం ఆపేశాను. ఎలా అడగాలో చెప్పకుండా పంపడం నా పొరపాటు.

దాదాపు అందరూ "మీకు సైకలాజికల్ థ్రిల్లర్లు ఇష్టమేనా?" అనే అడిగారు. అమలాపురంలో మీ హాస్టల్ గది స్నేహితుడు మీ ముఖం చూస్తూ ఇష్టం లేదని ఎలా అంటాడు?

మీ ఓపెనింగ్ "ఎవరి కోసం" అన్నచోట "అందరి కోసం" అని రాశారు. సెన్సార్ వాళ్లే 2024 నుంచి యూఏను, అంటే పిల్లలు పెద్దల సలహాతో చూడొచ్చనే సర్టిఫికెట్‌ను, 7, 13, 16 ఏళ్లు పైబడినవాళ్లకని మూడుగా విడదీశారు. మీరూ ఒక వయసు పట్టుకోండి. నేనైతే 16 దాటినవాళ్లనే తీసుకుంటాను.

ఇక అసలు చిక్కు. ఓపెనింగ్ చూపించాక "భయమేసిందా?" అని అడగకండి. మన వైపు ఎదుటివాళ్ల కష్టం చూసి కాదనలేరు, వేసిందనే అంటారు. "సస్పెన్స్ బాగుందా?" కూడా అంతే. "మ్యూజిక్ ఎలా ఉంది?" ఇంకా చేటు. అంతవరకూ పట్టించుకోని మ్యూజిక్ మీద అప్పటికప్పుడు ఓ అభిప్రాయం అల్లి చెబుతారు. ముందే కథ చెప్పేస్తే ఇక ఏం అడిగినా వృథా. నలభయ్యో సెకను దగ్గర ఆపండి. "ఇప్పుడేం జరుగుతుందనుకుంటున్నారు?" అని అడిగి, నోరు మూసుకుని రాసుకోండి.

పాలకొల్లు అమ్మాయి ఒకామె తన ఓపెనింగ్‌లో ఒంటరిగా ఉండే హీరోయిన్ రెండు కంచాలు పెట్టడం చూపించి, కొబ్బరితోటలో ముసుగు మనిషిని పెట్టింది. చూసినవాళ్లు దొంగనుకున్నారు. కానీ ఆరుగురిలో నలుగురు "ఒక్కతే ఉంటోంది కదా, రెండో కంచం ఎవరికి?" అన్నారు. ముసుగు తీసేశాం. రెండో కంచంలో అన్నం వడ్డించే షాట్‌ను పన్నెండు సెకన్లకు పెంచాం. హీరోయిన్ మనసు మీద అనుమానం అక్కడే పుట్టింది. సైకలాజికల్ థ్రిల్లర్‌కు కావాల్సింది ఆ అనుమానమే.

ఇంకొకరి ఓపెనింగ్‌లో "మే 10" అని వేసి నిండు కాలువ చూపించారు. ఓ రైతు వెంటనే "అప్పటికి కాలువలకు నీళ్లు ఆపేస్తారుగా" అన్నాడు. ఆ తర్వాత ఆయన కథ చూడలేదు, కాలువే చూశాడు.

అభ్యాసం: మీ ఓపెనింగ్‌ను రెండు రకాలుగా ఎడిట్ చేసి రెండు కట్‌లు చేయండి. సఖినేటిపల్లి రేవులో గోదావరి దాటించే పంటు కోసం ఆగినవాళ్లలాంటి, మీకు పరిచయం లేని పన్నెండు మందిని పట్టుకోండి. ఆరుగురికి ఒకటి, ఆరుగురికి రెండోది. ఒకే మనిషికి రెండూ చూపించొద్దు. ఇయర్‌ఫోన్స్ తీసుకెళ్లండి, రేవులో గోల ఎక్కువ. ఏ సెకనులో చూపు ఫోన్ మీదనుంచి పక్కకు పోయిందో కూడా రాసి పంపండి.