ఫార్చ్యూనర్ బ్రేకులు ఇంట్లో మార్చే ముందు

ముందు రిమ్ కొలవండి. పెద్ద డిస్కు, కాలిపర్ (డిస్కును ప్యాడ్లతో నొక్కి పట్టే భాగం) కొనేసి, తీరా బిగించాక అవి పాత 17 అంగుళాల రిమ్‌లో పట్టకపోతే డబ్బూ ఆదివారమూ రెండూ పోయినట్టే.

బండి రెండు టన్నులకు అటూ ఇటూగా ఉంటుంది, కాబట్టి ఒక్క జాకీని నమ్మి కింద చెయ్యి పెట్టొద్దు; గట్టి నేల మీద, వెనక చక్రాలకు దిమ్మెలు అడ్డం వేసి, స్టాండ్ల మీద నిలబెట్టాకే చక్రం ఊడదీయండి.

కాలిపర్‌ని బ్రేకు ఆయిల్ గొట్టానికి వేలాడదీయకుండా తీగతో కట్టండి. కాలిపర్‌లోని పిస్టన్ వెనక్కి నొక్కితే బ్రేకు ఆయిల్ డబ్బా పొంగుతుంది, ఆ ఆయిల్ పడితే పెయింటు లేచిపోతుంది. డబ్బా మూత మీద డాట్ 3 (బ్రేకు ఆయిల్ రకం) అని ఉంటే డాట్ 5 పోయకండి, అది సిలికాన్.

బండి కదిపే ముందు బ్రేకు పెడల్ గట్టిపడేదాకా తొక్కాలి. నేనది మర్చిపోయి, గేటుకు జానెడు దూరంలో హ్యాండ్‌బ్రేకుతో ఆపాను!