జతల్లో పని సాగడం లేదా? జతలు మార్చే ముందు ప్రశ్న పైకి చదవండి

స్టాఫ్‌రూమ్‌లో నన్ను ఎక్కువసార్లు అడిగే ప్రశ్న ఇది: "సార్, మా క్లాసులో జతల పని కుదరడం లేదు. జతలు మార్చేయమంటారా?" మార్చకండి. ముందు రెండు పనులు చేయండి. ఈరోజు ఎంతమంది వచ్చారో లెక్కపెట్టండి. తర్వాత, పిల్లల చేతికిచ్చిన ప్రశ్నను మీరే ఒకసారి పైకి చదవండి. రెండూ కలిపి ఒక్క నిమిషం పని. ఈ నిమిషం మిగుల్చుకోబోయి నెలల తరబడి జతలు మార్చుకుంటూ పోయినవాళ్లను చూశాను. నేనూ ఒక ఏడాది అదే చేశాను.

టైమ్ ముందే చెప్పడం, ఆపమనడానికి చెయ్యెత్తడం, బెంచీల మధ్య తిరుగుతూ వినడం మీకు తెలిసినవే. వాటి జోలికి పోను.

లక్షణం: జతలు కట్టేసరికే పది నిమిషాలు పోతున్నాయి

కారణం: జతలను ఆ పూటకా పూట కడుతున్నారు. "మీకు నచ్చినవాళ్లతో కూర్చోండి" అంటే స్నేహితులు ఒకచోట చేరతారు, ఇద్దరు ముగ్గురు ఎవరికీ అక్కర్లేనివాళ్లుగా మిగిలిపోతారు. అలా నిలబడిపోయిన పిల్ల ఆ పీరియడంతా ఇంకేమీ నేర్చుకోదు. 40 నిమిషాల పీరియడ్లో పది నిమిషాలు పోవడం కంటే నాకు అదే పెద్ద నష్టం.

పరిష్కారం: పట్టిక ముందే రాసి గోడకు అతికించండి. నేను వాడేది అమెరికాలో వాండర్‌బిల్ట్ విశ్వవిద్యాలయానికి చెందిన డగ్లస్ ఫుక్స్, లిన్ ఫుక్స్ తోటి విద్యార్థుల సాయంతో చదువుకునే పద్ధతిలో పెట్టిన లెక్క. క్లాసులో 32 మంది ఉన్నారనుకోండి. ఆ సబ్జెక్టులో ఎవరు ఎక్కడున్నారో వరుసగా రాసి, జాబితాను సగానికి విరగ్గొట్టండి. పై సగంలో మొదటివారికి కింది సగంలో మొదటివారు, అంటే 1కి 17, 2కి 18, అలా 16కి 32. ఒకటో నంబరును ముప్పై రెండో నంబరుతో కూర్చోబెట్టడం చాలామంది చేసే తప్పు. ఆ దూరానికి ఒకరికి విసుగు, ఇంకొకరికి భయం. 1కీ 17కీ మధ్య తేడా ఉన్నా ఒకరి మాట ఒకరికి అందుతుంది.

రెండు వారాలకోసారి పై సగాన్ని కదపకుండా కింది సగాన్ని ఒక మెట్టు జరపండి. 1కి 18, 2కి 19, చివర మిగిలిన 16కి 17. మూడు నాలుగు మెట్లకు మించి జరిపితే మళ్లీ దూరం పెరుగుతుంది. అప్పటికి ఎలాగూ ఇంకో ఎఫ్.ఏ. (ఏడాది మధ్యలో పెట్టే చిన్న పరీక్ష) అయిపోతుంది కాబట్టి కొత్త జాబితా రాసుకోవచ్చు.

ఇక హాజరు. పట్టికలో 32 మంది ఉంటారు, క్లాసులో 27 మంది ఉంటారు. శెనక్కాయలు పీకే రోజుల్లో, పెళ్లి ముహూర్తాల్లో ఇంకా తగ్గుతారు. లెక్కపెట్టకుండా మొదలుపెడితే కొన్ని జతలకు ఒక చెయ్యి ఉండదు. ఎవరినైనా కలుపుకోగల జతలను రెండు మూడు ముందే గుర్తుపెట్టుకుని, వాళ్లకు ఆ సంగతి చెప్పి ఉంచండి. తోడు రాని పిల్లలిద్దరుంటే ఆ పూటకు వాళ్లనే ఒక జత చేయండి. ఒక్కరే మిగిలితే ఆ జతల్లో ఒకదానికి పంపండి. "నువ్వు నాతో చెయ్" అని మాత్రం అనకండి. మీరు ఒకరి పక్కన కూర్చుంటే మిగిలిన 26 మందిని చూసేవారుండరు.

లక్షణం: ఒకరు రాస్తున్నారు, ఒకరు కిటికీ వైపు చూస్తున్నారు

పెన్ను ఎవరి చేతిలో ఉందో చూడండి. దాదాపు ఎప్పుడూ బాగా చేసేవాళ్ల చేతిలోనే ఉంటుంది. జతకు ఒక్క నోట్‌బుక్, ఒక్క పెన్ను ఇవ్వండి. పెన్ను పట్టుకున్నవాళ్లు తమ ఆలోచన రాయకూడదు, పక్కవాళ్లు చెప్పిందే రాయాలి. ఒక లెక్క అయ్యాక పెన్ను చేతులు మారాలి. ఇంకొకటి, మాట్లాడుకోమనే ముందు ఒక నిమిషం ఎవరికి వారు ఆలోచించుకోనివ్వండి. ఫ్రాంక్ లైమన్ 1981లో చెప్పిన 'ఆలోచించు, జతతో మాట్లాడు, అందరితో పంచుకో' పద్ధతిలో అందరూ రెండోదాన్ని పట్టుకుని మొదటిదాన్ని వదిలేస్తారు. ఆ నిమిషం లేకపోతే నిదానంగా ఆలోచించే పిల్లల దగ్గర చెప్పడానికి ఏమీ ఉండదు, చూపు కిటికీ మీదికి పోతుంది.

లక్షణం: జత మౌనంగా కూర్చుంది. ఇద్దరూ మంచి పిల్లలే, గొడవా లేదు, మాటా లేదు

నన్ను ఏడాది పాటు తిప్పింది ఇదే.

చిత్తూరుకు దక్షిణాన, తమిళనాడు సరిహద్దు వైపు ఒక హైస్కూల్లో ఏడో తరగతికి లెక్కలు చెప్పేవాణ్ణి. పైన చెప్పిన పద్ధతిలోనే మార్కుల ప్రకారం జతలు కట్టాను. నోటి లెక్కల్లో జతలు గలగలా మాట్లాడేవి. పాలు, మామిడికాయలు, బస్సు చార్జీలు వచ్చే వాక్య రూప లెక్కల దగ్గరికి వచ్చేసరికి ఏడెనిమిది జతలు చప్పబడిపోయేవి. సిగ్గు అనుకున్నాను, స్నేహం కుదరలేదనుకున్నాను. ఆ ఏడాది మూడుసార్లు జతలు మార్చాను. లెక్కల్లో మొదటి ఐదుగురిలో ఉండే ఒక అబ్బాయి ఎవరి పక్కన కూర్చున్నా నోరు విప్పేవాడు కాదు. వాడికి పొగరేమో అని కూడా అనుకున్నాను. ఆ మాట తలచుకుంటే ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

ఒకరోజు వర్క్‌షీట్లు సరిపోలేదు. చేసేదేమీ లేక నేనే నిలబడి లెక్క చదివాను: ఒక రైతు రోజుకు పన్నెండున్నర లీటర్ల పాలు కేంద్రానికి పోస్తాడు, లీటరు 36 రూపాయలు, వారానికి ఎంత వస్తుంది? చదవడం అయిందో లేదో క్లాసంతా మాటలు. ఆ అబ్బాయి పక్కనున్న అమ్మాయికి వేళ్లు మడిచి చెబుతున్నాడు: పన్నెండు ముప్పై ఆర్లు 432, అర లీటరుకు 18, రోజుకు 450, ఏడు రోజులకు 3150. మర్నాడు అలాంటి లెక్కనే కాగితం మీద ఇచ్చాను. మళ్లీ మౌనం. వాడి దగ్గరికి వెళ్లి మెల్లగా అడిగాను. "మీరు చదివితే అర్థమవుతుంది సార్," అన్నాడు.

వాడికి లెక్క రాకపోవడం కాదు, చదవడం రాదు. అక్షరాలు కూడబలుక్కుంటూ వాక్యం చివరికి వచ్చేసరికి మొదలు మరిచిపోతున్నాడు. పక్కనున్న అమ్మాయి చదువూ అంతంతమాత్రమే. ఆ సంగతి ఒకరికొకరు తెలియనివ్వకూడదని ఇద్దరూ కాగితం వైపు చూస్తూ కూర్చునేవాళ్లు.

ఇది ఎందుకు కనిపించదంటే, మార్కుల జాబితాలో దీనికి గడి లేదు. అంకెలతో ఇచ్చిన లెక్కల్లో ఆ అబ్బాయికి నిండుగా మార్కులొస్తాయి. వాక్య రూప లెక్కల్లో ప్రశ్నలోని రెండు అంకెలూ ఏరుకుని గుణించేస్తాడు, సగంసార్లు అదే సరైన జవాబవుతుంది. "అర్థమైందా?" అంటే తలూపుతాడు. జత పనిలో మాత్రం దాచుకోవడానికి చోటుండదు కాబట్టి మౌనమే దారి.

మన ప్రాంతంలో దీనికి ఇంకో ముడి ఉంది. ఇప్పటి పాఠ్యపుస్తకాల్లో ఒక పేజీ ఇంగ్లీషు, ఎదురు పేజీ తెలుగు. చిత్తూరు, నగరి, కుప్పం వైపు చాలామంది పిల్లలకు ఇంట్లో మాట తమిళం. టౌన్లలో ఉర్దూ ఉంటుంది, పలమనేరు వైపు కన్నడం వినిపిస్తుంది. తమిళం మాట్లాడే ఇద్దరిని ఒకచోట కూర్చోబెడితే హాయిగా చేసుకుంటారని మంచి మనసుతోనే జత కడతాం. ఇద్దరికీ మాట కుదురుతుంది, పేజీ కుదరదు. ఎదురెదురు పేజీల్లో ఏదీ ఇద్దరిలో ఒక్కరికీ సాఫీగా రాకపోతే ఆ జత కదలదు. వాళ్లు తమిళంలో మాట్లాడుకుంటే ఆపకండి, లెక్క ఏ భాషలో చెప్పుకున్నా లెక్కే. పేజీని పైకి చదవగలిగినవాళ్లు ఒకరుండాలి, అంతే.

పరీక్ష సులభం. మౌనంగా ఉన్న జతల దగ్గరికి వెళ్లి ప్రశ్నను మామూలు గొంతుతో ఒకసారి చదివి పక్కకు తప్పుకోండి. ముప్పై సెకన్లలో మాట మొదలైతే కారణం చదవలేకపోవడం. మొదలవకపోతే వేరే కారణం, కింద చూడండి.

పరిష్కారానికి రెండు పీరియడ్ల శ్రమ ఉంది. క్లాసుకు రాతపని ఇచ్చి పిల్లలను ఒక్కొక్కరిగా మీ టేబుల్ దగ్గరికి పిలవండి. అదే పుస్తకంలో వాళ్లింకా చూడని పాఠం నుంచి రెండు పేజీల్లోనూ నాలుగేసి లైన్లు చదివించండి. మనిషికి ఒక నిమిషం. అందరి ముందూ నిలబెట్టి చదివించొద్దు. అలా చేస్తే బాగా చదవలేని పిల్లలు ఆ వారమంతా బడికే రారు. మీ జాబితాలో పేరు పక్కన తెలుగు సాఫీగా వస్తే 'తె', ఇంగ్లీషు వస్తే 'ఇం', రెండూ కూడబలుక్కుంటుంటే ఒక చుక్క. గోడ మీది పట్టికలో ఈ గుర్తులు పెట్టకండి. తర్వాత మార్కుల వరుసతో కట్టిన జతలను సరిచూడండి. రెండు చుక్కలు ఒకే జతలో పడితే ఒకరిని పక్క జతలోని వారితో మార్చండి. ఒకటి రెండు మెట్లు అటూ ఇటూ అయితే ఆ వరుసకు వచ్చే నష్టం లేదు.

నియమం ఒకటి పెట్టండి: ఏ జతైనా పెన్ను పట్టే ముందు ప్రశ్నను రెండుసార్లు పైకి చదవాలి. మొదట బాగా చదివేవారు, తర్వాత రెండోవారు. విన్న వాక్యాన్నే చదువుతారు కాబట్టి చుక్క ఉన్న పిల్లలు కూడా తడబడుతూనైనా పూర్తి చేస్తారు. ఒకరు పైకి చెబితే ఇంకొకరు అందుకోవడం మన వీధి బడుల నాటిది. 1790ల్లో మద్రాసులో అనాథ బాలుర ఆశ్రమాన్ని చూసుకున్న ఆండ్రూ బెల్ ఇక్కడి బడిలో పిల్లలు ఇసుకలో రాస్తూ నేర్చుకోవడం చూసి, తన ఆశ్రమంలో పిల్లలు ఒకరికొకరు చెప్పుకునేలా చేసి, దాన్ని ఇంగ్లండుకు మద్రాసు పద్ధతి అనే పేరుతో తీసుకెళ్లాడు. మదనపల్లె దగ్గర ఋషివ్యాలీ వాళ్లు చుట్టుపక్కల పల్లె బడుల కోసం చేసిన కార్డుల మీద బొమ్మ గుర్తులుంటాయి. గుర్తు చూసి పిల్లలు తమ పనిని పోల్చుకుంటారు, అక్షరం రాని పిల్ల కూడా ఆగిపోదు. నేను వర్క్‌షీట్లో లెక్క పక్కన పాల క్యానో, బస్సో చిన్న బొమ్మ గీయడం అక్కడి నుంచే మొదలుపెట్టాను.

క్లాసంతటిలో 'తె', 'ఇం' చాలనంత తక్కువగా ఉంటే జత పని కొన్నాళ్లు ఆపి, రోజూ పది నిమిషాలు చదివించండి. అప్పటిదాకా ప్రశ్నలు మీరే చదవండి.

మిగిలినవి

గోల ఎక్కువైతే: పని ముందే అయిపోయింది. ఇంకో లెక్క ఇవ్వండి.

అబ్బాయిలు, అమ్మాయిలు "మేం కలిసి కూర్చోం" అంటే: ఎదురెదురు బెంచీల్లో కూర్చోనివ్వండి. రెండు వారాల్లో సర్దుకుంటారు.

నిజంగానే ఇద్దరికీ గొడవ ఉంటే: అరుదు. ఆ ఒక్క జతనే మార్చండి, పట్టికంతా తిరగరాయకండి.

ప్రశ్న చదివినా పిల్ల పలకకపోతే, మీరు వెనక నుంచి పిలిచినప్పుడు తిరిగి చూస్తుందో లేదో గమనించండి. బోర్డు చూడటానికి కళ్లు చిట్లిస్తుందేమో కూడా చూడండి. ముందు బెంచీలోకి మార్చినా తేడా రాకపోతే ఇంట్లోవాళ్లను పిలిచి మాట్లాడి, ఆ వారంలోనే ఆసుపత్రిలో చూపించమనండి.