ఆంప్లిఫయర్ కొనే ముందు ఒక సర్దుబాటు
సినిమాలో పోరాట ఘట్టం రాగానే శబ్దం పెంచితే హోమ్ థియేటర్‌లో ముందువైపున్న స్పీకర్లు బొంగురుపోవడం, విడిగా ఆంప్లిఫయర్ కొనక తప్పదేమో అనిపించడం చాలా ఇళ్లలో ఉన్నదే. కొనే ముందు రిసీవర్ (లోపలే ఆంప్లిఫయర్ ఉండి స్పీకర్లన్నిటినీ నడిపే పెట్టె) సెట్టింగులలో ఆ స్పీకర్లను 'స్మాల్'గా మార్చి, క్రాసోవర్‌ను, అంటే శబ్దాన్ని స్పీకర్ల మధ్య విడదీసే హద్దును, 80 హెర్ట్జ్ వద్ద ఉంచండి. అంతకన్నా దిగువనున్న బరువైన శబ్దం సొంత ఆంప్లిఫయర్ గల సబ్‌వూఫర్‌కు (బరువైన శబ్దానికే కేటాయించిన స్పీకర్‌కు) మళ్లుతుంది కనుక రిసీవర్‌పై భారం తగ్గుతుంది. మా ఇంట్లో ఈ మార్పుతోనే కొనుగోలు ఆలోచన ఆగింది.

అప్పటికీ చాలకపోతే, వెనుక ప్రీ-అవుట్ (బయటి ఆంప్లిఫయర్‌కు సిగ్నల్ పంపే సాకెట్) ఉన్న రిసీవర్‌నే ప్రీఆంప్‌గా, అంటే సిగ్నల్‌ను సిద్ధం చేసి పంపే పరికరంగా వాడుకొని, ముందున్న రెండు స్పీకర్లకు మాత్రమే పవర్ ఆంప్లిఫయర్ తీసుకోవచ్చు. వాట్లు రెట్టింపైనా పెరిగేది 3 డెసిబెల్సే కాబట్టి, 80 వాట్ల స్థానంలో 100 వాట్లది కొనడం నా దృష్టిలో డబ్బు దండగే.

స్పీకర్ల విద్యుత్ నిరోధం (ఇంపెడెన్స్) 4 ఓమ్‌లై, రిసీవర్ వెనుక కనీసం 6 ఓమ్‌లు అని రాసి ఉంటే మాత్రం ఈ సర్దుబాటును నమ్ముకోకండి. 4 ఓమ్‌లను తట్టుకొనే ఆంప్లిఫయరే కావాలి.